సర్కారు కన్ను

మన జనంలో చురుకుదనం ఎందుకు లేదన్నది చాలాకాలం ఏ ప్రభుత్వానికీ అంతుబట్టలేదు. చివరికి ఒక పెద్ద అధికారి వేసవి సెలవులకు కొండమీద విడిది చేసినప్పుడు, అక్కడెవరో ఆయన్ని బల్లమీద బోర్లా పడుకోబెట్టి, నీళ్లూ నూనే తగలనివ్వకుండా, పొడి బ్రష్షుతో అరికాళ్ల నుంచి గుండెదాకా తోమారట. ఆయన దిగ్గున లేచి కూచుని, "దొరికింది!" అన్నాడట.

దొరికిందేమంటే, మనిషి ఒంట్లో నెత్తురు కాక శోషరసమని ఇంకోటి పారుతుంటుంది. నెత్తురునైతే గుండె తోస్తుంది. దీన్ని తోసే నాథుడు లేడు. అందుకని ఆఫీసులో కాయితం మాదిరిగా ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. కాయితాన్ని కదిలించే ఉపాయం జనానికి ముందే తెలుసు గనక, ప్రభుత్వం శోషరసం పని పట్టింది.

అట్లా పుట్టింది శుష్క మార్జన పథకం. మా గోగులపాడులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. గోకుడు పథకం అన్నారు. లారీ నిండా బ్రష్షులొచ్చి పంచాయతీ ఆఫీసు ముందు దిగాయి. కొబ్బరిపీచు కుచ్చులు, పొడుగాటి కర్ర పిడి. ఇంటికొకటి పంచారు. జనం వాటిని చూడగానే ఇంత కాలానికి సర్కారుకు పశువుల మీద దయ కలిగిందనుకుని సంతోషపడ్డారు. వారం తిరిగేసరికి మా ఊరి గేదెలన్నీ నిగనిగలాడిపోతూ చెరువు గట్టున నడిచాయి. వాటి శోషరసం ఎంత జోరుగా కదిలిందో గాని పాలు మాత్రం బాగా ఇచ్చాయి.

అది తప్పని పైనుంచి ఉత్తరువు వచ్చింది. బ్రష్షు మనుషులది. తోమింది నిజమో కాదో తేల్చడానికి గుర్తు కూడా అందులోనే రాశారు: 'తోమబడిన చర్మము లేత గులాబీ వర్ణమును దాల్చవలెను. దాల్చని యెడల శోషరసము కదలనట్లే భావింపవలెను.' దాంతోపాటు రంగుల డబ్బాల కొట్లో చూపించే పట్టీలాంటిది ఒకటి పంపించారు. అందులో గులాబీ రంగు ఎంత లేతగా ఉండాలో గడులు గడులుగా ముద్రించారు. ఏ మంచు దేశపు మనిషి వీపు చూసి ముద్రించారో మాకు తెలియదు. పట్టీకి సరిపోయిన వాళ్లకు గులాబీ పత్రం ఇస్తారు. అది లేకపోతే ఆసుపత్రి లేదు, కరెంటు కనెక్షను లేదు, ఏ ఆఫీసులోనూ మొహం చూసేవాడు లేడు.

మాలకొండయ్య తాతకు ఈ పథకంతో పేచీ ఏమీ లేదు. ఆయన గొడవంతా కళ్లు. రెండు కళ్లకూ పొర కమ్మింది. పెద్దాసుపత్రి కళ్ల డాక్టరు ఊళ్లోకొచ్చి లైటు వేసి చూసి, "పెద్దాయనా, మంగళవారం వ్యాను పంపిస్తా. వరసగా రెండూ చేసేద్దాం," అన్నాడు.

చూపొస్తే లోకమంతా చూడాలన్న ఆశేమీ తాతకు లేదు. ఆయన చూడాలనుకున్నది ఒక్క చెంచయ్య పేకముక్కల్ని. వాళ్లిద్దరూ మీసాలు రాని వయసు నుంచీ భోజనాలయ్యాక పాత రైసుమిల్లు వసారాలో కూచుని పేకాడతారు. ఓడినవాడు గెలిచినవాడికి చుట్ట ఇవ్వాలి. కళ్లు మసకేసినప్పటి నుంచీ తాతకు ఆఠీను రాణేదో ఇస్పేటు రాణేదో తెలియక తడుముకుంటుంటే, చెంచయ్య మాత్రం టపటపా ముక్కలు పరిచేసి, "షో!" అంటున్నాడు. తాత చుట్ట ఇస్తున్నాడు.

"దొంగాట ఆడతన్నాడే రవణా," అని పెళ్లాంతో మొత్తుకునేవాడు. "నాకు కనపడదని ఏ ముక్క చేతికొస్తే ఆ ముక్క పరిచేస్తన్నాడు. ఒక్కసారి చూపు రానీ, నేనిచ్చిన చుట్టలన్నీ వాడి చేత కక్కిస్తా."

"చూపొస్తే ముందు దొడ్లో కట్టుకొయ్య చూసుకో. దాన్ని తన్నుకోకుండా పోయిన రోజు లేదు," అనేది రవణమ్మ.

మంగళవారం వ్యాను వచ్చింది. తాత ఉతికిన పంచె కట్టుకుని, సంచీలో దుప్పటి పెట్టుకుని, ఒక కాలు వ్యానులో పెట్టాడు.

"గులాబీ పత్రం ఏది?" అన్నాడు వ్యానుతో వచ్చినాయన.

"నేను పోయేది కళ్లకు గదా నాయనా."

"కన్ను చర్మంలోనే గదా ఉండేది?" అన్నాడాయన.

తాత కాలు వెనక్కి తీసుకున్నాడు. వ్యాను పోయింది.

అట్నుంచి అటే తాత పంచాయతీ ఆఫీసుకు పోయాడు. అక్కడ హేమలత అని మార్జన సహాయకురాలు కొత్తగా చేరింది. మంచి పిల్ల, తోమడంలో శిక్షణ పొందింది. తాతను బల్లమీద కూచోబెట్టి చొక్కా తీయించింది.

"తాతా, కదలగాకు. పాదాల నుంచి గుండెవైపుకు తోమాలి. గుండె ఎటుంది?"

"పుట్టినప్పటి నుంచీ దాని చోటు మారలేదమ్మా. కానీ."

హేమలత తోమింది. మాలకొండయ్య ఎండలో వానలో నాగలి పట్టి పెరిగిన మనిషి. ఒళ్లు నల్లరాయి మాదిరి ఉంటుంది. అట్లాంటి ఒంటిని నీళ్లు తగలకుండా గీకితే ఏమవుతుంది? పలకమీద బలపంతో గీసినట్టు తెల్లటి చారలొచ్చాయి. హేమలత పట్టీ తెచ్చి వీపుకు ఆనించి, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"బూడిద రంగుకు ఇందులో గడి లేదు తాతా."

"ఇంకాస్త గట్టిగా తోము."

"గట్టిగా తోమితే నిబంధన ఒప్పుకోదు. మృదువుగా అని రాశారు."

"అయితే మృదువుగా ఎక్కువసేపు తోము."

ఆమె చెయ్యి నొప్పి పుట్టేదాకా తోమింది. గులాబీ రాలేదు. ఆయనకే కాదు, ఊళ్లో ఎవరికీ రాలేదు. కొంతమంది కుంకుమ పూసుకుని పోయారు; తుడిస్తే పోయింది. కోటయ్య కొడుకు ఒకడు తెలివి మీరి దూలగొండి రాసుకుపోయాడు. రంగైతే వచ్చింది గానీ, ఆ దురదకు పట్టీ ఆనించేదాకా వాడు ఒక్కచోట నిలబడితే గదా! ఆఫీసు చుట్టూ ఎగురుతూ తిరిగి, అట్నుంచి అటే చెరువులో పడ్డాడు.

నెల తిరిగేసరికి మా మండలంలో గులాబీలు సున్నా అని లెక్క తేలింది. జిల్లా శుష్క మార్జన ప్రత్యేకాధికారి పరంజ్యోతి గారు జీపు వేసుకుని వచ్చారు. ఊరందర్నీ పంచాయతీ ఆఫీసు హాల్లో కూచోబెట్టారు.

"క్షేత్రస్థాయిలో గులాబీతనం అత్యంత నిరాశాజనకంగా ఉన్నది," అన్నారాయన. "పొరుగు జిల్లాలు వర్ణోన్నతి దిశగా దూసుకుపోతున్నాయి. బ్రష్షులో లోపం లేదు. పట్టీలో లోపం లేదు. మార్గదర్శకాల్లో లోపం ఉండే అవకాశమే లేదు. కాబట్టి లోపం చర్మంలో ఉన్నది. గోగులపాడు చర్మం ప్రభుత్వానికి సహకరించాలని ఈ వేదిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను."

"ఈ చర్మం మా నాయనా ఆయన నాయనా ఇచ్చింది సార్," అంది వెనకనుంచి నాగేంద్రమ్మ. "ఇప్పుడు మార్చుకోమంటే ఏడ తెచ్చేది?"

"ప్రతికూల వైఖరి వద్దమ్మా. సానుకూలంగా తోముకోండి."

ఆయన మార్గదర్శకాల పుస్తకం తిరగేశారు. ఒక చోట ఆగి మొహం వికసించింది. పట్టీతో నిర్ధారణ కానప్పుడు, ప్రభుత్వోద్యోగి కాని ఒక స్థానిక వృద్ధుడు కంటితో చూసి చెప్పిన రంగు చెల్లుతుందని అందులో ఉంది. వెంటనే హేమలత చేత నాగేంద్రమ్మ మొగుడు వెంకటాద్రిని తోమించి, ముందు నిలబెట్టారు.

"పెద్దలు చూసి చెప్పండి. ఇతను ఏ రంగు?"

"నలుపండీ," అన్నాడు ఒక పెద్దాయన.

"చామనఛాయ," అన్నాడు ఇంకో ఆయన, వెంకటాద్రి వియ్యంకుడు గనక.

"మీరు చెప్పండి," అని పరంజ్యోతి గారు చెంచయ్య వైపు చెయ్యి చూపించారు.

"నన్నడగమాకండి సామీ, నాకు రంగుల గొడవలు తెలవవు, ఇంటికాడ పనుంది," అని చెంచయ్య గబగబా లేచి, గుమ్మం పక్కన గోడకు భుజం తగిలించుకుని మరీ వెళ్లిపోయాడు.

మా పంచాయతీ ఆఫీసు పడమటి ముఖం. అప్పటికి పొద్దు వాలి, ఎండ ఏటవాలుగా హాల్లోకి పడుతోంది. ముందు వరసలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూచున్న మాలకొండయ్య, కళ్ల సంగతి అధికారికి చెప్పుకుందామని లేచాడు. ఎదురుగా వెంకటాద్రి. ఎండ కళ్లలో పడింది. పొర కమ్మిన కంటికి ఎర్రటెండ తగిలితే లోకమంతా దోర జామపండు కోసినట్టు కనిపిస్తుందట. తాత అబద్ధం ఆడే మనిషి కాదు.

"ఈ పిలగాడెవరు బాబూ, ఇంత ఎర్రగా ఉన్నాడు? దోర జామపండు మాదిరి?"

వెంకటాద్రి తన చేతులు తాను చూసుకున్నాడు. పరంజ్యోతి గారు కుర్చీలోంచి లేచొచ్చి తాత రెండు చేతులూ పట్టుకున్నారు.

"జామపండు పైరంగా, లోపలి రంగా?"

"లోపలిదే బాబూ. లేతగా."

"అదే! అదే గులాబీ!"

ఆ సాయంత్రమే మాలకొండయ్యను మండల గౌరవ వర్ణ నిర్ధారకుడిగా నియమించారు. మెళ్లో బిళ్ల వేశారు. పడమటి కిటికీకి ఎదురుగా చేతుల కుర్చీ వేసి, పొద్దువాలే వేళ ఆయన పని వేళగా ప్రకటించారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. వచ్చినవాళ్లను హేమలత తోమేది. తాత చూసేవాడు. "గులాబీ," అనేవాడు. హేమలతకు నలుపు నలుపుగానే కనిపించేది గానీ, ఆమె కళ్లకు ప్రభుత్వ గుర్తింపు లేదు గనక పత్రం రాసిచ్చేది. ఒకరోజు సర్పంచి గారి గేదె తాడు తెంచుకుని వచ్చి వరసలో నిలబడింది. తాత తలెత్తి చూసి, "ఈ తల్లి కాస్త భారీ మనిషి. గులాబీయే," అన్నాడు. పేరడిగితే పలకలేదు. బిడియస్తురాలని రాసుకుని దానికీ పత్రం ఇచ్చారు. నెలాఖరు లెక్కలో గోగులపాడు మండలం నూటికి నూరు దాటింది. ఎట్లా దాటిందని పైనుంచి ఎవరూ అడగలేదు, అభినందనలు తెలిపారు.

రవణమ్మ మాత్రం కోపంగా ఉంది.

"ఊళ్లో ఆడోళ్లందర్నీ గులాబీ గులాబీ అంటన్నావంట. నీతో కాపరానికొచ్చి ఇన్నేళ్లయింది, నన్నెప్పుడన్నా అన్నావా?"

"సాయంత్రప్పూట నువ్వు ఆఫీసుకు రావాలి గదే. ఇంటికాడ నాకు ఆ అధికారం లేదు."

తాత రోజూ పని అయ్యాక ఒకటే అడిగేవాడు. "అమ్మా హేమలతా, ఇందర్ని గులాబీ చేశాను గదా, నా పత్రం రాయి. కళ్లు చేయించుకుంటా."

హేమలత తల దించుకునేది. నిబంధన ఉంది: నిర్ధారకుడు తన్ను తాను నిర్ధారించుకోరాదు. ఇంకొకరు చూసి చెప్పాలి. కళ్లున్న వాళ్లెవరికీ ఆయన గులాబీగా కనిపించడం లేదు. తాత పరంజ్యోతి గారి దగ్గరికే పోయాడు.

"ఆపరేషనా!" అని ఆయన ఉలిక్కిపడ్డారు. "పెద్దాయనా, ఆ పొర ఇంక మీ సొంత వ్యవహారం కాదు. అది పథకంలో ఒక భాగం. దాన్ని తొలగించాలంటే శాఖాపరమైన అనుమతి కావాలి. నేను కాదనను, పరిశీలిస్తాను."

పరిశీలిస్తానన్నారంటే ఏమిటో తాతకు తెలుసు. ఊరికొచ్చి నలుగురితో చెప్పుకున్నాడు. ఊరు కూడా అటే తిరిగింది.

"మా కోడలు కాన్పయ్యేదాకా ఆగు తాతా, ఆసుపత్రిలో పత్రం అడుగుతారు," అన్నాడు వెంకటాద్రి.

"నా బోరుకు కరెంటు రానీ మామా, తర్వాత రెండు కళ్లు కాదు నాలుగు చేయించుకో," అన్నాడు కోటయ్య.

"నీకేం తక్కువ చేశామయ్యా?" అంది నాగేంద్రమ్మ. "రోజూ మజ్జిగ తెచ్చిస్తన్నాం. కళ్లతో చూడాల్సినంత గొప్పగా ఏముంది ఈ ఊళ్లో?"

తాత మర్నాడు మిల్లు వసారాలో మళ్లీ ఓడిపోయాడు. చుట్ట ఇచ్చి, రెండో ఆట ఆడకుండా లేచాడు. ఓడినందుకు కాదు. చిన్నప్పట్నుంచీ ఒకే చుట్ట చెరో దమ్ము లాగిన చెంచయ్యను తాను దొంగ అనుకుంటున్నాడు. కాదని తెలుసుకునే దారి లేదు, అవునని తేల్చుకునే దారీ లేదు. చూపు లేకపోవడం కన్నా అదే ఎక్కువ సలుపుతోంది.

ఇంతలో ఆ కొండమీద తోమించుకున్న పెద్ద అధికారే మా ఊరొస్తున్నారని తెలిసింది. నూటికి నూరు దాటిన ఊరు చూడాలని ఆయన ముచ్చటపడ్డారట. పందిరి వేశారు. ఆ పందిట్లో, ఆయన జీపు దిగే వేళకు, పరంజ్యోతి గారు స్వయంగా తోమించుకుని గులాబీ పత్రం అందుకోవాలని కార్యక్రమం. ఆ పత్రం ఉంటే ఆయనకు రాజధానిలో పెద్ద కుర్చీ ఖాయం.

పొద్దు వాలింది. మైకులో పాటలు. ముందు ఒకసారి సరిచూసుకుందామని పరంజ్యోతి గారు పందిరి వెనక చొక్కా విప్పి, హేమలత చేత తోమించుకుని, తాత ముందు నిలబడ్డారు.

తాత చాలాసేపు చూశాడు.

"నలుపు," అన్నాడు.

"సరిగ్గా చూడండి పెద్దాయనా!"

"సరిగ్గానే చూస్తన్నా బాబూ. బొగ్గు."

"నిన్నటిదాకా అందర్నీ గులాబీ అన్నారు గదా!"

"పొర గదా బాబూ, ముదురుతా పోతంది. నిన్నటిదాకా జామపండు, ఇయ్యాల నేరేడుపండు. ఇట్టా వదిలేస్తే కాసేపట్లో మీ పెద్దాఫీసరు అడిగినా నేను చెప్పేది ఇదే మాట. ఆపరేషను చేయిస్తే ఏమన్నా..."

పరంజ్యోతి గారు చొక్కా చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగారు. పొర తీయిస్తే తాతకు అందరూ నల్లగా కనిపిస్తారు, పథకం పోతుంది. తీయించకపోతే తాను నల్లగా కనిపిస్తాడు, కుర్చీ పోతుంది. ఆయన చదివిన చదువులో ఇట్లాంటి చిక్కు రాలేదు. దూరంగా జీపు హారను వినిపించింది.

"ఎట్లా పెద్దాయనా! ఏదో ఒక మధ్యేమార్గం చెప్పండి!"

"దేవుడు రెండిచ్చాడు గదా బాబూ," అన్నాడు మాలకొండయ్య నిదానంగా. "కుడిది నాకిచ్చెయ్యండి. ఎడమది మీ సర్కారు ఉంచుకోండి."

పరంజ్యోతి గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం!" అన్నారు.

"మరి నా పత్రం?"

దానికీ దారి దొరికింది. నిర్ధారకుడు తన్ను తాను చూసి చెప్పరాదు గానీ, అద్దంలో మనిషిని చూసి చెప్పరాదని ఎక్కడా లేదు. పరంజ్యోతి గారి డ్రైవరు తమ జీపు పక్క అద్దం ఊడదీసి తెచ్చాడు. తాత అందులోకి చూశాడు.

"ఈ ముసలాయనెవరో గానీ, గులాబీ," అన్నాడు. హేమలత పత్రం రాసింది. అది జేబులో పెట్టుకున్నాక తాత మళ్లీ పరంజ్యోతి గారి వైపు తిరిగి, "ఇదేంది బాబూ, ఇందాక మబ్బేమన్నా అడ్డమొచ్చిందేమో, ఇప్పుడు మీరు కూడా జామపండే," అన్నాడు.

కార్యక్రమం దిగ్విజయంగా జరిగింది. పెద్ద అధికారి తాతకు శాలువా కప్పి, "ఇట్లాంటి దార్శనికులు ఊరికొకరు కావాలి," అన్నారు.

వ్యాను వచ్చింది, ఈసారి తాత రెండు కాళ్లూ అందులో పెట్టాడు. ఆసుపత్రిలో కుడి కన్ను చేసి, ఎడమ కన్ను మీద ఎవరూ చెయ్యి వేయకుండా ప్రభుత్వ ముద్రతో చీటీ అంటించి పంపించారు. కట్టు విప్పాక ఆయన ఒక ఏర్పాటు చేసుకున్నాడు. సాయంత్రం ఆఫీసులో కుడి కంటిని తుండుగుడ్డతో కప్పేవాడు. ఎడమ కంటితో అందరూ గులాబీ. పని అయ్యాక గుడ్డ తీసేవాడు. మా ఊరు మళ్లీ ఎప్పటి రంగులోకి వచ్చేది.

కానీ అంతకు ముందే, ఇంటికొచ్చిన మొదటి రోజే, భోజనం కూడా సరిగ్గా చేయకుండా రైసుమిల్లు వసారాకు పోయాడు. చెంచయ్య ముక్కలు కలుపుతున్నాడు. కుడి కంటికి చూపొచ్చిందని తాత చెప్పలేదు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో ముక్కల్ని చూసి మురిసిపోయాడు. ఎరుపు ఎరుపుగా, నలుపు నలుపుగా, రాణి చేతిలో పువ్వుతో సహా కనిపిస్తోంది. దొంగ దొరికే క్షణం కోసం కాచుక్కూచున్నాడు.

చెంచయ్య కాసేపు ఆడి, టపటపా ముక్కలు పరిచాడు. "షో!"

తాత వంగి చూశాడు. ఆఠీను అయిదు, పక్కన ఇస్పేటు ఆరు, దాని పక్కన డైమను తొమ్మిది. జాకీల పక్కన రాజును కూచోబెట్టాడు. ఇంత పచ్చి మోసం ఏ దొంగా చేయడు.

"ఏందిరా ఇది?" అన్నాడు తాత.

"వరస. ఆఠీను అయిదూ ఆరూ ఏడు. కనపడకపోతే చుట్ట తియ్."

"ఆ ఆరు తీసి సరిగ్గా చూడరా."

చెంచయ్య నేలమీద తడిమి, ఒకసారి తప్పి, రెండోసారి ముక్క అందుకున్నాడు. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరికి. తర్వాత వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మాలకొండయ్యకు కొత్త కంటితో స్పష్టంగా కనిపించింది: చెంచయ్య రెండు కళ్లలోనూ, కాచిన పాలమీది మీగడ మాదిరి, మందంగా తెల్లటి పొర.

"ఓరి నీ దుంపతెగ!" అని అరిచాడు తాత. "నీక్కూడా కనపడదేందిరా?"

చెంచయ్య ముక్క పారేసి, తడుముకుంటూ వచ్చి తాత నోరు గట్టిగా మూశాడు. వీధివైపు చెవి పెట్టి, ఎవరూ లేరని తేల్చుకున్నాక గొంతు తగ్గించి అన్నాడు:

"నెమ్మదిగా అనరా సామీ. ఆ గోకుడాఫీసోళ్ల చెవిన పడిందంటే రేపటికల్లా నన్ను కూడా ఉద్యోగంలో వేసేస్తారు."